బురుజు అడుగున చుక్క

తల్లి మూడో కంచం కూడా పెట్టేసింది.

కొలతలక్క చేతులు కడుక్కుని వచ్చి చూసింది. తనకొకటి, తల్లికొకటి, గోడవైపు తమ్ముడు కూర్చునే చోట ఇంకొకటి. ఆదివారం సాయంత్రం స్టేజీ నమూనా పెట్టె చంకన పెట్టుకుని వాడు గడప దాటాడు. ఇవాళ శుక్రవారం. ఈ ఐదు రోజులూ పూటపూటా ఆ కంచం వాడికోసం ఎదురు చూస్తూనే ఉంది.

"తీసెయ్యమ్మా ఆ కంచం."

"అదేం చేసింది నిన్ను?"

"దాన్ని చూస్తుంటే నాకు ముద్ద దిగడం లేదు."

"తీసేస్తే నాకు దిగదు."

ఇద్దరూ కూర్చున్నారు. కంచం అలాగే ఉంది. తల్లి ముద్ద కలుపుతూ దానివైపే చూసింది.

"వాడు ఆకలికి ఆగలేడే. ఎక్కడుంటున్నాడో, ఏం తింటున్నాడో."

"అబద్ధాలు తింటూ ఉండుంటాడు. వాడికి బాగానే అరుగుతాయి."

"నీ నోరుందే..."

"నా నోటికేం? దివ్యంగా ఉంది. పోయినవి కళ్లేనట కదా."

తల్లి తలొంచుకుంది. ఈ మాట వచ్చినప్పుడల్లా ఆమె తలొంచుకుంటూనే ఉంది. కొడుకుని తప్పు పట్టదు, కూతుర్ని ఊరడించదు.

వాడు నమూనా పట్టుకుపోయాడని కాదు కొలతలక్క కడుపుమంట. పోతే పోయాయి అట్టముక్కలూ చెక్కపేళ్లూ. పదకొండేళ్లుగా తను స్టేజీ కట్టే స్కూలు నాటకాన్ని వాడు తన చేతిలోకి లాక్కున్నాడు, అదీ పోనీ అనుకునేదేమో. లాక్కోవడానికి, నాటకం వేయించే పాటల టీచరుతో వాడన్న మాట ఉంది చూశారూ, అది గుండెలో మేకులా దిగింది. "అక్కకి చూపు ఆనడం లేదండీ. చేతులూ వణుకుతున్నాయి. పిల్లలెక్కే మెట్లు కదా, నాకే భయంగా ఉంది" అన్నాడట.

ఆ టీచరు ఫోన్ చేసి మరీ ఓదార్చింది. "ఇన్నేళ్లు కష్టపడ్డారు, ఇంక విశ్రాంతి తీసుకోండి" అంది. కొలతలక్కను తిడితే పడుతుంది, తిరిగి నాలుగు తిడుతుంది. జాలిపడితే మాత్రం జన్మలో మర్చిపోదు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. టేపు నడుముకి కట్టుకుని స్కూలు గేట్లో అడుగుపెడితే పిల్లలంతా "కొలతలక్క వచ్చింది" అని అరుస్తారు. ఆ పేరు వాళ్లు పెట్టిందే. ఆమెకు ఉన్న ఆస్తల్లా ఆ పేరే.

భోంచేసి ఇద్దరూ షెడ్డులోకి వచ్చారు. ఇంటిని ఆనుకునే ఉంటుంది షెడ్డు. మధ్యలో తొమ్మిదడుగుల గడియారం బురుజు నిలబడి ఉంది. కింద నాలుగు చక్రాలు, లోపల మెట్లు, పైన గడియారం ముఖం, ఆ ముఖం మధ్యలో గుండ్రటి కన్నం. దొర్లిపోకుండా దాన్ని షెడ్డు స్తంభానికి తాడేసి కట్టింది.

"ఎవరికోసమే ఇది? ఆ పని వాడు పట్టుకుపోయాడు కదా."

"దానికోసమే. వాడు పోయాక మొదలుపెట్టాను, పూర్తి చేశాను."

ఈ ఏడాది స్కూలువాళ్లు ఎంచుకున్నది గడియారం ఆగిపోయిన ఒక ఊరి కథ. మొత్తం ఏడు పాటలు. మూడో పాటకి బురుజు పక్కనుంచి దొర్లుకుంటూ వస్తుంది. గడియారం ముఖంలోంచి నాలుగో క్లాసు పిల్ల ఒకతె తల బయటపెట్టి పాడుతుంది. నాటకానికి ప్రాణం అక్కడే ఉంది. వచ్చే సోమవారం ప్రదర్శన.

కొలతలక్క ఐదు రోజులుగా ఒక సంగతి కడుపులో దాచుకుని తిరుగుతోంది. తల్లికి కూడా చెప్పలేదు.

నమూనా చేసేటప్పుడు చిన్న బురుజుకి జిగురు ఆరలేదు. నమూనాలో ఏ చోటూ ఖాళీగా ఉంచకూడదని, ఈ పని నేర్పిన తండ్రి పెట్టిన పద్ధతి. అందుకని ఎప్పటిదో పాత నాటకం నమూనాలోని బురుజు తీసి అక్కడ నిలబెట్టింది. చిక్కల్లా ఆ పాతదాని లెక్క వేరు. అందులో అంగుళం అంటే అడుగున్నర. ఈ నమూనాలో అంగుళం అంటే రెండడుగులు. ఆరంగుళాల ఆ ముక్కని ఈ లెక్కన కొలిచి కడితే తొమ్మిదడుగులు కాస్తా పన్నెండవుతుంది.

దానికీ తండ్రి ఒక పద్ధతి పెట్టాడు. ఊరికే చోటు నింపడానికి పెట్టిన ముక్క అడుగున ఎర్ర రంగు చుక్క పెట్టాలి. చుక్క ఉందంటే దాన్ని కొలవకూడదు. ఆ ఇంట్లో పిల్లలు అక్షరాలకన్నా ముందు నేర్చుకున్నది ఆ చుక్కనే. కొలతలక్క ఈసారి కూడా చుక్క పెట్టింది. ఆ సంగతి తమ్ముడికి చెప్పేలోపే గొడవైంది, వాడు వెళ్లిపోయాడు.

వాడు వెళ్లిన మర్నాడు, సోమవారం పొద్దున, ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఒక్క మాట చెబితే చాలు. "ఒరే చిన్నోడా, ఆ బురుజు తిరగేసి చూడరా" అంటే అయిపోయేది. కానీ చూపు ఆనడం లేదన్న మాట చెవిలో గింగురుమంది. ఫోన్ కింద పెట్టేసింది. వాడికి రంగు తెలుసు గానీ కొలత తెలీదు. ఇటుక బొమ్మ వేశాడంటే చేత్తో తడిమి చూడాలనిపిస్తుంది, అంత పనివాడు. కానీ ఏ వస్తువునీ తిరగేసి చూసే ఓపిక వాడికి పుట్టుకతోనే లేదు. చూడడు గాక చూడడు అనుకుంది. కళ్లున్నవాడు కదా, చూసుకోనీ అని కూడా అనుకుంది.

బుధవారం కలప దుకాణం మనిషి దారిలో కనిపించి, "మీ తమ్ముడు పన్నెండడుగుల కర్రలు పట్టుకెళ్లాడండీ" అన్నాడు. ఆ పూట కొలతలక్క రెండుసార్లు వడ్డించుకుని తింది.

"దీనికి కాస్త దారం ఎక్కించవే," అంటూ తల్లి సూది అందించింది. బురుజు వెనకాల వేసే నల్లగుడ్డకి అంచు కుడుతోందామె. కుట్టుపెట్టె ఒళ్లో ఉంది.

కొలతలక్క సూదిని వెలుతురుకి పట్టుకుంది. దారం పక్కనుంచి జారిపోయింది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ జారింది. మూడోసారికి ఎక్కింది. వాడన్నది పచ్చి అబద్ధమే, కానీ అందులో ఆవగింజంత నిజమేమైనా ఉందా అని లోపల ఎక్కడో పీకింది.

తల్లి కుట్టి ముడేసి, దారాన్ని పళ్లతో కొరికింది.

"నీ పొట్టి చాకు ఉండగా పళ్లెందుకమ్మా?"

"దాని పదును పోయింది."

"ఇటివ్వు, నూరి పెడతాను."

"ఇప్పుడేం తొందర. నువ్వెక్కడికి బయల్దేరావు?"

"స్కూలుకి. నా నల్లతెరలు అక్కడే ఉండిపోయాయి."

"ఇవాళ అక్కడ రిహార్సలు కదే."

"అవునా. నాకు గుర్తే లేదు."

తల్లి కూతురి ముఖంలోకి చూసింది. కుట్టుపెట్టె మూత వేసి ఒళ్లోకి లాక్కుంది.

---

హాల్లో కుర్చీలు సగమే వేసి ఉన్నాయి. స్టేజీ మీద తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని ఏదో సర్దుతున్నాడు. అక్కని చూడగానే చేతిలోని కుంచె వదిలేశాడు.

"నువ్వా అక్కా."

"తెరల కోసం వచ్చాను. నీ పని నువ్వు కానియ్యి."

మూడో వరసలో, సరిగ్గా మధ్య కుర్చీలో కూర్చుంది. పాటల టీచరు దగ్గరికొచ్చి, "మంచినీళ్లు తెప్పించనా అండీ" అంది మెత్తగా. వద్దంది. తెరల కోసం వచ్చినామె అంత తీరుబాటుగా ఎందుకు కూర్చుందో టీచరుకి అర్థం కాలేదు. తమ్ముడికి కొంచెం కొంచెంగా అర్థమవుతున్నట్టుంది. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

మొదటి పాట అయింది. రెండోది అయింది. వాడు వేసిన వీధి, కిటికీలు, చెమ్మ పట్టిన గోడలు చూసి కొలతలక్కకి ఒక్క క్షణం గర్వం కూడా కలిగింది. వెధవ, ఎంత బాగా వేశాడు అనుకుంది. ఆ వెంటనే ఫోన్లో టీచరు చెప్పిన మాట గుర్తొచ్చి, గర్వాన్ని అక్కడికక్కడే తుంచేసింది.

మూడో పాట మొదలైంది. పక్కనుంచి ఇద్దరు మనుషులు బురుజుని తోసుకొచ్చారు.

స్టేజీకి పదకొండడుగుల ఎత్తులో లైట్లు కట్టిన ఇనప గొట్టం ఉంది. పన్నెండడుగుల బురుజు పోయి దానికి ఢంగుమని తగిలింది. లైట్లన్నీ ఊగాయి. బురుజు సగం ఇవతల, సగం అవతల ఆగిపోయింది. ఆ ఢంగు కొలతలక్క చెవికి రెండు పాటలకన్నా ఇంపుగా వినిపించింది.

లోపల ఉన్న పిల్ల మాత్రం క్రమశిక్షణ గలది. తన వంతు రాగానే ఏమైతే నాకేం అన్నట్టు పాట ఎత్తుకుంది. గొంతు ఖణీమంటోంది గానీ మనిషి లేదు. గడియారం కన్నంలో నీలం రిబ్బను ముడి ఒక్కటే తాళానికి తగ్గట్టు ఊగుతోంది. పిల్లలంతా విరగబడి నవ్వారు.

"పాపా, ఎక్కడున్నావమ్మా?" అని టీచరు అడిగింది.

"ఇక్కడే ఉన్నా టీచర్. కన్నం నాకు అందట్లేదు."

ఇంక కొలతలక్క ఉండబట్టలేకపోయింది. లేచి నిలబడింది. ఐదు రోజులు అరచేతిలో దాచుకున్న మాట అది.

"ఏరా చిన్నోడా, బురుజు తొమ్మిదడుగులు ఉండాలని కూడా తెలీలేదా? కట్టేముందు అడుగున ఒకసారి చూసుకోవద్దూ? మన ఇంట్లో పుట్టినవాడివేనా నువ్వు?"

"చూశానక్కా."

"ఏం చూశావు?"

తమ్ముడు స్టేజీ దిగి వచ్చాడు. వాడి చేతిలో నమూనా బురుజు ఉంది. అక్క ముందుకి వచ్చి దాన్ని తలకిందులు చేశాడు.

"మొదట చూసింది అదే. చుక్క ఏదీ?"

ఒట్టి అట్ట. చుక్క లేదు. కొలతలక్క కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసింది. అప్పటికీ లేదు.

"లెక్క ఎక్కువగా ఉందే అనిపించింది," అన్నాడు వాడు. గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువగా ఉంది. "చుక్క లేదు కదా, అక్క పెట్టిన కొలత కదా, ఏదో ఆలోచించే పెట్టుంటుందని కళ్లు మూసుకుని కట్టాను. చూపు ఆనట్లేదని నోటికొచ్చింది అన్నానే గానీ, నీ కొలత తప్పుతుందని కల్లో కూడా అనుకోలేదు."

టీచరుకి ఈ చుక్క గొడవేమిటో అర్థం కాక వాణ్ణే అడిగింది. వాడు నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆమె కొలతలక్క భుజం మీద చెయ్యి వేసింది.

"అంటే మర్చిపోయారన్నమాట. పోనీలెండి, ఎవరికైనా జరుగుతుంది. ఈ వయసులో..."

ఆ చెయ్యి నిప్పులా తగిలింది. మర్చిపోయానంటే వాడన్నది నిజమైపోతుంది. చూపు పోయిన ముసలిదని ఈ హాల్లో అందరి ముందూ తనే ఒప్పుకున్నట్టవుతుంది. పెట్టానంటే ఎవరు నమ్ముతారు? ఎదురుగా అట్ట కనిపిస్తుంటే.

"మర్చిపోలేదు," అంది కొలతలక్క. "కావాలనే పెట్టలేదు."

నవ్వుతున్న పిల్లలు కూడా ఆగారు.

"పిల్లలు ఎక్కుతారని తెలిసి కూడానా?" టీచరు చెయ్యి తీసేసింది.

"మీ తెరలు మేమే పంపిస్తామండీ. మీరింక ఇటు రావద్దు."

తమ్ముడు అక్కని ఎప్పుడూ చూడనట్టు చూస్తూ నిలబడ్డాడు. వాడు తిట్టినా ఇంతకన్నా బాగుండేది.

---

దారంతా ఒకటే తొలిచేసింది. పెట్టానా, లేదా?

పెట్టింది. కుంచె పట్టుకున్నది గుర్తే, బొటనవేలికి రంగు అంటుకుంటే తుడుచుకున్నది గుర్తే. కానీ అది ఈ బురుజుకా, పోయినేడు ఇంకో ముక్కకా? గుర్తు చేసుకున్నకొద్దీ మసకబారుతోంది. పగ తీర్చుకోవడానికి వెళ్లి, వాడి అబద్ధానికి తనే సాక్ష్యం చెప్పొచ్చింది. పైగా పిల్లల ప్రాణాలతో ఆడుకునే రాక్షసి అనిపించుకుంది. రోడ్డు మీద ఏడవడం ఇష్టం లేక అడుగుల వేగం పెంచింది.

ఇంటికొచ్చేసరికి తల్లి పెరట్లో బట్టలు ఉతుకుతోంది. కొలతలక్క తిన్నగా షెడ్డులోకి వెళ్లి కుట్టుపెట్టె తీసింది. సూదిలో దారం ఎక్కించాలి. ఒక్కసారికే ఎక్కితే తన కళ్లు బాగున్నట్టు, అంతే. చిన్నపిల్లలు వేసుకునే పందెంలాంటిదే, కానీ ఆ నిమిషానికి ఆమెకు అంతకన్నా పెద్ద పరీక్ష లేదు.

సూది కోసం వెతుకుతుంటే అడుగున గుడ్డపేలికలో చుట్టిన పొట్టి చాకు తగిలింది. దీన్ని చుట్టి పెట్టడమేమిటి అనుకుంటూ విప్పింది.

చాకు అంచు పొడుగునా ఎర్ర రంగు పొట్టు. దాంతోపాటు అట్ట పీచు.

పందెం అవసరం లేకపోయింది. ఆ పొట్టు ఆమెకు కళ్లజోడు లేకుండానే కనిపించింది.

తడిచేతులు తుడుచుకుంటూ తల్లి లోపలికొచ్చింది. కూతురి చేతిలో చాకు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేను చుక్క పెట్టానా లేదా అమ్మా? అదొక్కటి చెప్పు."

తల్లి గుమ్మం పట్టుకుంది.

"చెప్పమ్మా. పెట్టానా?"

"పెట్టావు." అంది తల్లి. "గుండ్రంగా, అచ్చం మీ నాన్న పెట్టినట్టే పెట్టావు."

కొలతలక్క స్టూలు మీద కూలబడింది. ప్రాణం లేచొచ్చినట్టూ ఉంది, పోయినట్టూ ఉంది.

"ఆ పెట్టె వాడు ఎత్తుకుపోలేదే," అంది తల్లి. "నేనే సర్ది ఇచ్చాను. వాడు బట్టలు సర్దుకుంటుంటే పక్కగదిలో కూర్చుని గీకేశాను. వాడు బాగా కట్టేసి, పేరు తెచ్చేసుకుంటే ఇంక మన గడప తొక్కుతాడా? ఒక్కసారి లెక్క తప్పితే ఇంటికే వస్తాడు కదా అనుకున్నాను."

"ఆ తప్పు ఎవరి నెత్తిన పడుతుందో అనుకోలేదా?"

"నువ్వు తట్టుకోగలవు. వాడు తట్టుకోలేడు."

"నాకు చూపు పోయిందని ఊరంతా అనుకున్నా పర్లేదా?"

"నువ్వెక్కడికీ పోవు కదే," అంది తల్లి. చాలా మామూలుగా అంది.

నలభై ఎనిమిదేళ్లు ఎక్కడికీ పోకుండా ఉన్నందుకు కొలతలక్కకి దక్కిన లెక్క ఇది. అరవాలనిపించింది, కానీ అరవలేదు. చాకుని మళ్లీ అదే పేలికలో, అదే మడతలో చుట్టి, పెట్టెలో పెట్టి మూత వేసింది.

"వాడికి చెప్పకే. చెబితే వాడింక నా ముఖం చూడడు."

బయట వ్యాను ఆగిన చప్పుడైంది.

తల్లి ముఖం వెలిగిపోయింది. "చెప్పలేదూ, వస్తాడని," అని గొణుక్కుంటూ ఎదురెళ్లింది. "రారా, కూర్చో, కంచం పెట్టే ఉంది."

"తినడానికి రాలేదమ్మా," అన్నాడు తమ్ముడు. వాడి చూపు షెడ్డు మధ్యలో నిలబడ్డ బురుజు మీద పడింది. దగ్గరికెళ్లి కన్నం అంచు చేత్తో తడిమాడు. "తొమ్మిదడుగులు."

"తొమ్మిదడుగులే," అంది కొలతలక్క.

"నువ్వు కావాలని చేశావో, మర్చిపోయావో నేనడగను. అడిగే ముఖం నాకూ లేదు. దీనికి రెండు రోజుల్లో రంగు వేసుకుంటాను. ఇవ్వక్కా. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది."

"తీసుకెళ్లు."

వాడు నమ్మలేనట్టు చూశాడు. తల్లి ఊపిరి పీల్చుకుంది. కూతురి వంక చూసి తలూపింది కూడా, నాకు తెలుసు నువ్వు మంచిదానివని అన్నట్టు.

"స్తంభానికి కట్టిన తాడు తెంపు, వచ్చేస్తుంది," అంది కొలతలక్క. "అమ్మ కుట్టుపెట్టెలో పొట్టి చాకు ఉంటుంది చూడు."

"దాంతో తెగదురా," తల్లి గబగబా అడ్డొచ్చింది. "పదును లేదు. ఉండు, వంటింట్లోంచి కత్తి తెస్తాను."

"ఈ తాడుకి అది చాలమ్మా," అంది కొలతలక్క. నడుముకున్న టేపు తీసి నెమ్మదిగా చుట్టుకోసాగింది.

తమ్ముడు పెట్టె తెరిచాడు. పేలిక విప్పాడు. తాడు దగ్గరికి రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి, చాకుని గుమ్మం దగ్గర వెలుతురులోకి పట్టుకెళ్లాడు. రంగు మనిషి వాడు. ఆ ఇంటి ఎరుపుని ఎక్కడ చూసినా గుర్తుపడతాడు.

తల్లి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అక్కా, ఈ చాకుకి ఈ ఎరుపేంటి?"

కొలతలక్క తలెత్తలేదు. టేపు చివరిదాకా చుట్టింది.

"నాకు చూపు ఆనదు కదరా," అంది. "నువ్వే చూసి చెప్పు."